బతికున్నవాడి మొలతాడు

నా తమ్ముడి మొలతాడు కత్తిరించారు. బతికున్న మనిషి మొలతాడు. నేను ఆస్పత్రిలో పడుకుని ఉండగా, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పగించిన చోట, మొదటిసారి స్నానం చేయించేటప్పుడు కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో వేశారు. బదులు ఇంకొకటి కట్టలేదు. నాకు ఫోన్ చేసి చెప్పలేదు. వాళ్ల దృష్టిలో అది పారేయాల్సిన ఒక తాడు ముక్క.

మల్లేశం నాకంటే చిన్నవాడే గానీ, వాడికీ ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది. మాట రాదు. వినపడుతుంది, మనం అనుకున్న దానికంటే ఎక్కువే అర్థమవుతుంది. చిన్నప్పుడు వాడిని తిక్కలోడు అన్నారు, ఇంకొన్నాళ్లకు దేవుని బిడ్డ అన్నారు, వాడికి షష్టిపూర్తి వయసు దగ్గరపడుతుండగా ఒక డాక్టరమ్మ కాగితం మీద ఆటిజం అని, దాని కింద మేధో వైకల్యం అని రాసిచ్చింది. పేరు తెలిసినందుకు వాడి దినచర్యలో మార్పేమీ రాలేదు. పొద్దున్నే లేచి చిన్న చెక్క గిలక దగ్గర కూర్చుని దానికి దారం చుడతాడు. చుట్టిన దారాన్ని సాయంత్రం విప్పుతాడు. అన్నం, పప్పు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పెడితే తింటాడు. నా భార్య ఉన్నన్నాళ్లు ఇద్దరం కలిసి చూసుకున్నాం. మాకు పిల్లలు లేరు. ఆమె పోయాక అమీర్‌పేట సందులోని ఈ రెండు గదుల్లో నేనూ వాడూ మిగిలాం. చుట్టూ అన్నీ హాస్టళ్లే. కోచింగులకు వచ్చే పిల్లలు ఆరు నెలలుంటారు, పోతారు, ఇంకొకరు వస్తారు. మెట్ల మీద ఎదురైతే "నమస్తే అంకుల్" అని పక్కకు తప్పుకుంటారు, మంచి పిల్లలే. కానీ ఒక పూట మల్లేశాన్ని చూడమని అడగడానికి ఈ సందులో నాకు తెలిసిన మనిషంటూ లేడు.

నాకు హెర్నియా ముదిరింది. ఆపరేషన్ తప్పదన్నారు. తర్వాత కొన్నాళ్లు బరువు ఎత్తకూడదు, వంగకూడదు. మల్లేశాన్ని స్నానానికి లేపాలంటే రెండూ చేయాలి. అప్పుడు ఎవరో చెప్పగా పంజాగుట్టలో ఒక సెంటరు ఉందని తెలిసింది. ఇలాంటివాళ్లను సాకే ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి పెట్టిన చోటు. మెట్రో లైను పక్కన ఒక భవనంలో మూడో అంతస్తు. చల్లటి గదులు, తెల్ల దుప్పట్లు, గోడల మీద రంగు చేపలు. అక్కడి మేనేజరమ్మ కోస్తా వైపు మనిషి, మర్యాదగా మాట్లాడింది. మందులేంటి, మూర్ఛలున్నాయా, ఎవరినైనా కొడతారా అని అడిగింది. ఆయన రోజంతా ఏం చేస్తారని అడగలేదు. నేనే గిలక సంగతి చెప్పబోతే, "మా దగ్గర యాక్టివిటీస్ ఉంటాయండి, మీరు నిశ్చింతగా వెళ్లండి" అంది. దారం, గిలక లోపలికి రానివ్వరట, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉందట. సరే అనుకున్నాను. ప్రమాదం మాట కొట్టిపారేయడానికి లేదు.

ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నారండి అనే జవాబు. ఒకసారి ఫోనులో బొమ్మ చూపించారు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నారు, లేపొద్దండి అన్నారు. మా ఇంట్లో మల్లేశం ఎప్పుడూ ముడుచుకుని పడుకుంటాడు. కొత్త చోటు కదా అని సరిపెట్టుకున్నాను.

తీసుకురావడానికి వెళ్లిన రోజు మేనేజరమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. "చాలా మంచి గెస్టండి మీ బ్రదర్ గారు. ఏ ఇబ్బందీ పెట్టలేదు. అసలు ఉన్నట్టే తెలియలేదు" అంది. తినడం మాత్రం కాస్త తగ్గించారు, స్పూనుతో జావ పోశాం అంది. గదిలోకి వెళ్లి చూస్తే మల్లేశం వెల్లకిలా ఉన్నాడు. చేతులు ఒంటికి ఆనించి చాపుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు, నిద్ర కాదు, రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. పెదాలు ఎండి అట్టలు కట్టాయి. దుప్పటి కింద కాళ్లు చూశాను. మడమలు కలిపి, రెండు బొటనవేళ్లు ఒకదానికొకటి ఆనించి, బిగబట్టి ఉంచాడు. కాళ్లు వణుకుతున్నాయి, అయినా వేళ్లు విడదీయడం లేదు. "మల్లేశం, లెవ్వురా, అన్నొచ్చిన" అన్నాను. కదల్లేదు. ఆటో దాకా ఇద్దరు మనుషులు ఎత్తి తేవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి చొక్కా మార్చబోతే నడుము ఖాళీగా కనిపించింది. ఏళ్ల తరబడి తాడున్న చోట తెల్లటి గీత మాత్రం ఉంది. సెంటరుకు ఫోన్ చేసి అడిగితే, మొదటి స్నానంలోనే కత్తిరించి చెత్తబుట్టలో వేశామండి అన్నారు. ఆ కాళ్లు అలా ఎందుకు పెట్టాడో, జావ ఎందుకు మింగలేదో నాకు ఒక్కసారిగా తెలిసొచ్చింది. అది తెలియాలంటే మా బాపు పోయిన రోజు ఆ ఇంట్లో ఉండి ఉండాలి. ఆ రోజు ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే.

మాది మగ్గాల ఊరు. బాపు మగ్గం వదిలి పట్నం వచ్చి అమీర్‌పేటలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. మగ్గం వదిలినా చేతులు పోగును వదల్లేదు. మా ఇంట్లో మొలతాళ్లు ఎన్నడూ కొన్నది లేదు. దసరా ముందు ఒక పొద్దున బాపు గడప దగ్గర కూర్చుని, కాలి బొటనవేలికి నల్ల నూలు పోగులు తగిలించి, తొడ మీద అరచేత్తో పేనేవాడు. ఆ తొడ మీద వెంట్రుకలు రాలిపోయి నున్నగా మెరిసేది. లోపల అవ్వ, అంటే మా అమ్మ, నువ్వుల నూనె కాచేది, ఆ వాసనకు కుంకుడుకాయ పులుసు వాసన కలిసేది. మాకు తలంటు పోసి, ఒళ్లు తుడిచి, తడి ఆరకముందే కొత్త తాడు కట్టేవాడు. కొత్తది కట్టాకే పాతది తీయాలి. రెంటి నడుమ రెప్పపాటు కూడా నడుము ఖాళీగా ఉండకూడదు. ఎందుకు బాపూ అని నేనడిగితే, "ఖాళీ నడుము సచ్చినోనికే ఉంటదిరా" అని చెప్పాడు. మల్లేశం పక్కనే నిలబడి ఉన్నాడు. వాడు వింటున్నాడని మాలో ఎవరికీ పట్టలేదు, మాట రానివాడికి చెవులు కూడా లేవన్నట్టు ఉండేవాళ్లం అప్పుడు అందరం.

బాపు జ్వరం పడి చూస్తుండగానే పోయాడు. నాకప్పుడు మీసం మొలిచే వయసు, మల్లేశం ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. వాకిట్లో తడక మీద పడుకోబెట్టి, బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డపీలికతో కట్టారు. మా చిన్నబాపు పంచె కొద్దిగా జరిపి, బ్లేడుతో మొలతాడు కోసి తీశాడు. కోసేటప్పుడు అందరూ తల తిప్పుకున్నారు, మల్లేశం ఒక్కడే తిప్పుకోలేదు. దగ్గరికెళ్లి వంగి చూశాడు. తర్వాత తన చొక్కా ఎత్తి తన తాడు పట్టుకున్నాడు. వాడిని ఎవరో వెనక్కి లాగేశారు.

ఆ తర్వాత అవ్వ మనిషి కాలేకపోయింది. పగలంతా ఊరివాళ్ల జాకెట్లకు కాజాలు కుట్టేది, బాపు కూర్చున్న మిషను మీద బడి మానేసిన నేను కూర్చున్నాను. కత్తిరింపులకు తెచ్చిన పాత పేపర్లు చదివి చదివి నేను నేర్చుకున్న చదువు అక్కడ మొదలైంది, అది వేరే కథ. మల్లేశం అన్నం మానేసి, గోడకు తల కొట్టుకునేవాడు. అవ్వ వాడిని ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చునే కునుకు తీసేది. అప్పుడు వచ్చింది మా రాజవ్వ అత్త, బాపు అక్క. పంజాగుట్టలో గుట్ట వాలులో ఉండేది వాళ్ల ఇల్లు. వచ్చి మల్లేశాన్ని ఎత్తుకుపోలేదు. గోడకు ఆనుకుని పీట వేసుకుని కూర్చుంది.

"నాకు వాని సంగతి ఏం తెల్వది పిల్లా. ఇయ్యాల కూసోని సూస్త. నన్ను సుట్టం లెక్క సూడకు, నీ పని నువ్వు చేస్కో" అంది అవ్వతో.

పొద్దంతా చూసింది. వాడు నీళ్లు ఎప్పుడు తాగుతాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, అవ్వ వాడి పళ్లెంలో ఏది ఎక్కడ పెడుతుంది, అన్నీ. మర్నాడు పొద్దుటిపూట మాత్రం తన ఇంటికి తీసుకెళ్లి మధ్యాహ్నానికి తెచ్చింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఉంచుకుంది. వాడి చాప, వాడి పళ్లెం, వాడి గిలక ముందు ఆమె ఇంటికి చేరాయి, వాడు తర్వాత చేరాడు. అలా కొన్ని నెలలు, నడుమ నడుమ వస్తూ పోతూ, మల్లేశం పంజాగుట్టలో ఉన్నాడు. మిషను పని అయ్యాక నేను నడిచి వెళ్లి వాడిని చూసి వచ్చేవాణ్ని. ఇప్పుడు ఫ్లైఓవర్ నీడ పడే చోట అప్పుడు సాయంత్రం ఎండ నేల మీద సాగిపోయేది, దుమ్ములో గేదెలు అడ్డం వచ్చేవి.

అత్త ఓపికకు దేవతేం కాదు. మల్లేశం చట్టిలో పెరుగంతా వంపేసిన రోజు వీపు మీద ఒకటి వేసింది, వేసి తనే ఏడ్చింది. ఒకసారి స్నానం పోస్తూ చూస్తే వాడి మొలతాడు నాని పీలికలైపోయిందట. కొత్తది పేని కట్టింది. పాతది విప్పబోతే వాడు రెండు చేతులతో పట్టుకుని కేక పెట్టాడు. అత్త వదిలేసింది. చాలా రోజులు వాడు రెండు తాళ్లతో తిరిగాడు. పాతది దానంతటదే తెగి పడిపోయిన నాడు అత్త దాన్ని తీసి వాడి చేతిలో పెట్టింది, వాడు చూసి కింద పారేశాడు, అయిపోయింది. "ఎందుకత్తా అట్ల రెండు ఉంచినవ్" అని నేను నవ్వితే, "వాని నడుము వానిది గదరా, నాదా?" అంది.

ఆ ఇంట్లోనే మొదలైంది వాడి తనిఖీ. మధ్యాహ్నం ఎవరైనా మగమనిషి కునుకు తీస్తుంటే మల్లేశం మెల్లగా వెళ్లి చొక్కా ఎత్తి నడుము చూసేవాడు. తాడు కనిపిస్తే ఒకసారి వేలితో తాకి, తృప్తిగా గిలక దగ్గరికి పోయేవాడు. సుట్టాలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. మా మామ మాత్రం కళ్లు తెరవకుండానే, "మల్లిగాడు హాజరు తీస్కుంటుండు. ఉన్న బిడ్డా, ఉన్న, రాస్కో" అనేవాడు. ఇల్లంతా నవ్వేవాళ్లు. నవ్వుతూనే అందరికీ అర్థమైంది, బాపు పోయిన రోజు వాడు ఏం నేర్చుకున్నాడో. ఆ తర్వాత మా సుట్టాల్లో ఎవరూ వాడిని అదిలించలేదు. మా ఇంటికొచ్చి పడుకుంటే చొక్కా కొంచెం పైకి జరుపుకుని పడుకునేవాళ్లు.

ఇక్కడ అవ్వ సంగతి చెప్పాలి. మల్లేశం అక్కడ రాత్రి ఉన్న మొదటి రోజు మర్నాడు, అవ్వ పట్టపగలు చాప వేసుకుని పడుకుంది. నేను పుట్టాక ఆమె పగలు పడుకోవడం చూసింది అదే మొదటిసారి. కాసేపటికే లేచి కూర్చుంది. పొద్దుగూకే వేళకు కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే పంజాగుట్టలో అత్తావాళ్ల గోడ బయట నిలబడి, లోపల గిలక తిరిగే చప్పుడు వింటోంది. అత్త బయటికొచ్చి చూసి మండిపడింది. "నేను వాన్ని తెచ్చుకుంది నువ్వు పండనీకి, గోడ పట్టుకోని నిలవడనీకి గాదు. రేపు గిట్ల ఈడ కనవడ్డవంటే వాన్ని మీ ఇంట్లనే వదిలేసి పోత." అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు పోయాక నవ్వడం అదే మొదలు. మర్నాడు నిజంగానే నిద్రపోయింది, దీపాలు పెట్టేదాకా. నేను మిషను చప్పుడు కాకుండా చేత్తో కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్న నిశ్శబ్దం లాంటిది నేను మళ్లీ వినలేదు. నాకిప్పుడు నిశ్శబ్దం చాలానే ఉంది, ఇది అది కాదు.

ఆ రోజులన్నీ బంగారమని నేననను. మల్లేశాన్ని రాళ్లతో కొట్టిన పిల్లలు ఆ సందుల్లోనే ఉన్నారు. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిల ఏస్తే పోతది గద, ఎందుకీ గోస" అని అవ్వ మొహం మీదే అన్న పెద్దమనుషులు ఉన్నారు. అత్త లేకపోతే మా అవ్వ కూడా బాపు వెనకే పోయి ఉండేది, అలా పోయిన తల్లులు ఎందరో. సెంటర్లు రావాలి. ఇంకా చాలా రావాలి. అత్తలు లేని కొంపలే ఇప్పుడన్నీ. చదువుకున్నవాళ్లకు ఇవన్నీ తెలియవనీ నేననను. నా ఆపరేషన్‌కు ముందు నర్సు నా మొలతాడు చూసి, "తాతా, ఇది తీయాలె, చేతికి కట్టన్నా?" అని అడిగింది. అడిగి, మణికట్టుకు కట్టింది. వార్డుకు తెచ్చాక నేను చెప్పకముందే మళ్లీ నడుముకు కట్టింది. పనుల మధ్య పరుగెత్తే ఆ పిల్లకు అడగడానికి తీరిక దొరికింది. మా తమ్ముడి దగ్గర, చల్లటి గదిలో, చేపల బొమ్మల కింద, పగలంతా ఖాళీగా ఉన్నవాళ్లకు దొరకలేదు.

అందువల్ల వాడు చచ్చిపోయానని అనుకున్నాడు. అనుకుని, చచ్చినవాడు ఎలా ఉండాలో బాపును చూసి నేర్చుకున్నది గుర్తుపెట్టుకుని, అలాగే ఉన్నాడు. అన్నం తినలేదు. లేవలేదు. వేళ్లు కట్టేవాళ్లు లేకపోతే తనే కలిపి పట్టుకున్నాడు. ఎన్ని పగళ్లు, ఎన్ని రాత్రులు అలా పడుకుని, మమ్మల్ని ఎవరినీ పిలవకుండా, తీసుకెళ్లేవాళ్ల కోసం ఎదురుచూశాడో. అలా ఉన్న మనిషిని చూసి వాళ్లు మంచి గెస్టన్నారు.

నేను నల్ల నూలు తెప్పించుకుని, గోడకు చేరగిలబడి తొడ మీద పేనాను. వంగకూడదన్నారు, వంగాను. నూనె కాచి వాడి ఒంటికి రాసి, తడిగుడ్డతో తుడిచి, కొత్త తాడు కట్టాను. "నువ్వు సావలేదురా మల్లేశం. వాళ్లకు తెల్వక కోసిన్రు" అని చెప్పాను. చెంచాతో నీళ్లు పోస్తే పెదాల పక్క నుంచి కారిపోయాయి. డాక్టరును పిలిస్తే సూది ద్వారా నీళ్లు ఎక్కించి, రేపటికి తినకపోతే ఆస్పత్రిలో చేర్చాలన్నాడు. నేను వాడి పక్కనే నేల మీద ఒరిగాను. ఆ నొప్పితో, ఆ అలసటతో మధ్యాహ్నం నాకు మాగన్నుగా నిద్ర పట్టింది. పొట్ట మీద చల్లగా ఏదో తగిలితే మెలకువ వచ్చింది. మల్లేశం లేచి కూర్చుని ఉన్నాడు. నా చొక్కా ఎత్తి, కుట్ల పట్టీ మీదుగా నా మొలతాడు వెతికి, వేలితో తాకాడు. నేను కళ్లు పూర్తిగా తెరవకుండానే "ఉన్నరా, ఉన్న" అన్నాను. వాడు తన చొక్కా ఎత్తుకున్నాడు. అక్కడ తాడుంది. దాన్ని చాలాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. సాయంత్రం నాలుగు ముద్దలు తిన్నాడు, అన్నం పప్పుకు తగలకుండా.

ఇప్పుడు తింటున్నాడు. గిలక తిప్పుతున్నాడు. కానీ స్నానానికి చొక్కా విప్పుతుంటే తాడు పిడికిట్లో బిగించుకుని వదలడు. చేతిలో కత్తెర ఉన్న ఎవరినైనా చూస్తే గోడ మూలకు పోతాడు. నాకేమో రెండో పక్క కూడా కోయాలని డాక్టరు అంటున్నాడు. వాయిదా వేస్తున్నాను. ఎన్నాళ్లు వేయగలను? నేను మళ్లీ పడుకుంటే వీడిని ఎక్కడ వదలాలి, నేను అసలే లేకపోతే వీడు ఎవరి దగ్గర ఉండాలి, ఈ రెండు ప్రశ్నలు పెట్టుకుని ఈ రెండు గదుల్లో తిరుగుతున్నాను. పంజాగుట్టలో ఉన్నది ఆ ఒక్క సెంటరే, నాకు నడిచి వెళ్లగలిగే దూరంలో. అది మంచిదైతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అందుకే తిట్లు రాయలేదు. ఒకే ఒక్క మాట అడుగుతూ ఉత్తరం రాశాను, నా చేతిరాతతో. మొలతాడు అంటే ఏమిటో, బాపు పోయిన రోజు ఏం జరిగిందో, మల్లేశం ఎందుకు వెల్లకిలా పడుకున్నాడో అంతా వివరంగా రాసి, చివర అడిగాను: కత్తెర పెట్టే ముందు వాడిని అడిగారా? మొదటిసారి, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఫోనులో మెసేజ్ వచ్చింది. మళ్లీ రాసి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మేనేజరమ్మ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, పైవాళ్లకు పంపుతానండి అంది. ఇంకోసారి రాశాను. వానలు తగ్గాక, కవరులో, సంతకంతో సహా వచ్చింది జవాబు:

"పెద్దలకు నమస్కారం. మీరు లేవనెత్తిన విషయమై మా సిబ్బందిని విచారించాము. నడుముకు ఉన్న తాడును తొలగించే ముందు మల్లేశం గారిని అడగడం జరిగింది. ఆయన ఏమీ అనలేదు. కావున వారికి అభ్యంతరం లేదని భావించడమైనది."